హనుమ మాట – ఉన్నత పాఠశాల విద్యార్థికి ఒక పాఠం

శ్రీమద్రామాయణంలో హనుమంతుని బలాన్ని గురించి వినని పిల్లలు మన ఇళ్ళలో ఉండరు. సముద్రాన్ని లంఘించడం, లంకను దహించడం, ఓషధీ పర్వతాన్ని మోసుకొని రావడం పసివారికి సైతం తెలిసిన కథలే. అయితే శ్రీరామచంద్రుడు హనుమంతుని మొట్టమొదట చూసినప్పుడు మెచ్చుకొన్నది ఆయన బలాన్ని కాదు, మాటను. పెద్దలు ఈ విషయాన్ని ప్రవచనాలలో చెబుతూనే ఉంటారు. మన పిల్లల చదువు దగ్గరకు వచ్చేసరికి మాత్రం దానిని మనం మరచిపోతున్నాము. ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నత పాఠశాలలలో తెలుగు బోధించిన వాడిగా, ఆ మరపులో నా వంతు కూడా ఉన్నదని ముందుగానే ఒప్పుకొంటున్నాను.

కిష్కింధాకాండ ఆరంభంలోని సన్నివేశం ఇది. ధనుర్బాణాలు ధరించి వస్తున్న రామలక్ష్మణులను చూసి సుగ్రీవుడు భయపడ్డాడు. వాలి పంపినవారేమోనని ఆయన సందేహం. సంగతి తెలుసుకొని రమ్మని హనుమంతుని పంపాడు. హనుమ భిక్షురూపంలో వెళ్ళి నమస్కరించి, వారి తేజస్సును ప్రశంసించి, మీరెవరు, ఈ అడవికి ఎందుకు వచ్చారని అడిగాడు. వారు బదులు చెప్పలేదు. నేను ఇంతగా పలుకరిస్తూ ఉంటే మీరు మాట్లాడరేమని మర్యాదగానే అడిగి, అప్పుడు తన సంగతి తానే చెప్పాడు. తన్ను పంపినది సుగ్రీవుడు. తాను ఆయన మంత్రి, వాయుపుత్రుడు. ఈ భిక్షువేషం వేసుకొన్నదే. ఇంత మాత్రం చెప్పి ఊరుకొన్నాడు. ఎదుటివారు మౌనంగా ఉన్నారు కదా అని ఇంకా ఇంకా మాట్లాడలేదు.

అప్పుడు శ్రీరాముడు లక్ష్మణునితో అన్న మాటల సారాంశం గమనింపదగినది. మూడు వేదాలూ అభ్యసించనివాడు ఇలా మాట్లాడలేడు. వ్యాకరణాన్ని ఇతడు చక్కగా, పలుమార్లు విని ఉంటాడు, ఇంతసేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదు. ముఖంలో, కన్నులలో, నుదుట, కనుబొమలలో ఎక్కడా వికారం కనిపించలేదు. మాట అతిగా సాగలేదు, సందేహానికి తావివ్వలేదు, నత్తనడకగా లేదు, తొందరపాటుగా లేదు. స్వరం మధ్యమంగా ఉన్నది. కత్తి ఎత్తిన శత్రువు మనస్సు సైతం ఇటువంటి మాటకు కరుగుతుంది. నేడు నగరాలలో వ్యక్తిత్వ వికాస తరగతులలో రుసుము చెల్లించి నేర్చుకొంటున్నవన్నీ ఈ జాబితాలో ఉన్నాయి. చూపు, ముఖకవళిక, వేగం, గొంతు స్థాయి, నిడివి, స్పష్టత, ఏదీ తప్పిపోలేదు.

బహుమతులు తెచ్చిన బాలుడు

నా వద్ద చదువుకొన్న ఒక బాలుడు వక్తృత్వ పోటీలలో ఏటేటా బహుమతులు తెచ్చేవాడు. స్వాతంత్ర్య దినోత్సవానికి, ఉపాధ్యాయ దినోత్సవానికి, గాంధీ జయంతికి ఉపన్యాసం వాడిదే. ఆ ఉపన్యాసాలు నేనే వ్రాసి ఇచ్చేవాడిని. వాడు వాటిని కంఠస్థం చేసి, చేయి ఎత్తవలసిన చోట ఎత్తి, గొంతు పెంచవలసిన చోట పెంచి చెప్పేవాడు. సభ చప్పట్లతో మారుమ్రోగేది. నాకూ గర్వంగానే ఉండేది.

వాడు తొమ్మిదవ తరగతి పూర్తిచేసిన వేసవిలో ఒక మధ్యాహ్నం, ఇంట్లో పెద్దలెవరూ లేని వేళ, వాడి నాయనమ్మ స్పృహ తప్పి పడిపోయింది. వాడు వెంటనే 108కి ఫోన్ చేశాడు. అంతవరకు మంచి పనే. ఎక్కడి నుండి మాట్లాడుతున్నావని అవతలివారు అడిగితే, నాయనమ్మ ఉదయం ఏమి తిన్నదీ, నాన్న ఏ ఊరు వెళ్ళినదీ, తనకు ఎంత భయంగా ఉన్నదీ చెప్పాడు. మళ్ళీ అడిగితే ఊరి పేరు మాత్రం చెప్పాడు. ఆ పేరుతో మా ప్రాంతంలో రెండు ఊళ్ళున్నాయి. మండలం పేరు చెప్పకముందే ఏడుపు ముంచుకొచ్చి ఫోన్ పెట్టేశాడు. వారు తిరిగి చేసిన సమయానికి వాడు ఇరుగుపొరుగును పిలవడానికి వీధిలోకి పరుగెత్తాడు, ఫోన్ ఇంట్లోనే మ్రోగుతూ ఉండిపోయింది. చివరికి వీధి మొగలో కిరాణా కొట్టు నడిపే ఆయన మళ్ళీ ఫోన్ చేసి, మండలం, ఊరు, నీళ్ళ ట్యాంకు ఎదురు సందు అని మూడు ముక్కలలో చెప్పాడు. ఆయన చదువు ఐదవ తరగతి.

ఆ పెద్దావిడ బ్రతికింది. కుడిచేయి మాత్రం పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. ఆలస్యమే దానికి కారణమా కాదా అన్నది వైద్యులు చెప్పవలసిన విషయం. వాడు మాత్రం తన తప్పే అనుకొన్నాడు. బడి తెరచిన తరువాత నా దగ్గరకు వచ్చి, “మాస్టారూ, నాకు మాట్లాడటం రాదండీ” అన్నాడు. అప్పుడు నా వెనుక ఉన్న అలమరలో వాడు తెచ్చిన కప్పులు వరుసగా ఉన్నాయి.

తప్పు వాడిది కాదు. మేము వాడికి ఉపన్యాసం నేర్పాము, చెప్పడం నేర్పలేదు. ఉపన్యాసానికి వినేవారు ఎవరైనా ఒకటే, వాళ్ళకు కావలసినది ఏమిటో ఆలోచించనక్కరలేదు. చెప్పడం అలా కాదు. ఎదుట ఉన్న మనిషికి ఈ క్షణంలో ఏది తెలియాలో దానితోనే అది మొదలవుతుంది.

ఆనాడు నాకు సుందరకాండలోని ఒక ఘట్టం కొత్తగా అర్థమైంది. లంక నుండి తిరిగి వస్తున్న హనుమంతుని కోసం సముద్రపుటొడ్డున అంగదుడు, జాంబవంతుడు, వానరవీరులందరూ ఎదురుచూస్తున్నారు. సుగ్రీవుడు పెట్టిన గడువు దాటిపోయింది. కార్యం విఫలమైతే వారికి ప్రాణాలమీద ఆశ లేదు. ఆ స్థితిలో హనుమ తన సముద్ర లంఘనంతో కథ మొదలుపెట్టలేదు. మైనాకుడు, సురస, సింహిక, లంకిణి, ఎన్ని చెప్పుకోదగిన సంగతులు! వాటన్నిటినీ ప్రక్కన పెట్టి, చూడబడినది సీత అని సంగ్రహంగా చెప్పాడు. వాక్యంలోనూ ముందు ‘చూడడం’ ఉన్నది, పేరు తరువాత వచ్చింది. సీత అని మొదలుపెట్టి ఉంటే, కనబడిందో లేదో, ఉన్నదో లేదో అని వినేవారి గుండె ఆ రెప్పపాటు కాలం ఆగిపోయేదని పెద్దలు వ్యాఖ్యానిస్తారు. వారి ఆందోళన తీరిన తరువాత జాంబవంతుడు వివరాలు అడిగాడు. అప్పుడు హనుమ సుదీర్ఘంగా, ఒక సర్గ పొడుగునా, జరిగినదంతా వరుసగా వర్ణించాడు. క్లుప్తత మంచిదా, విస్తరణ మంచిదా అని విద్యార్థులు నన్ను అడుగుతూ ఉంటారు. ఒకే మనిషి, ఒకే విషయాన్ని, ఒకే సందర్భంలో రెండు విధాలా చెప్పిన తావు ఇది. ఏది ఎప్పుడన్నది వినేవారి అవసరం నిర్ణయించింది.

తరగతి గదిలో

ఆ సంవత్సరం నుండి నేను ఉపన్యాసాలు వ్రాసి ఇవ్వడం మానివేశాను. వారానికి రెండు రోజులు పాఠానికి ముందు పది నిమిషాలు ‘కబురు’ అనే అభ్యాసం పెట్టాను. ఒక విద్యార్థికి మూడు అంశాలున్న సందేశం నోటితో చెప్పి, వేరొక తరగతిలోని ఉపాధ్యాయునికి చెప్పి, జవాబు తెమ్మని పంపేవాడిని. కాగితం ఉండకూడదు. మొదటి నెలలో మూడింటిలో ఒకటి దారిలోనే జారిపోయేది. జవాబు తేవడం మరచిపోయి ఖాళీగా తిరిగి వచ్చినవారూ ఉన్నారు. క్రమంగా పిల్లలు తమంతట తామే ఒక ఉపాయం కనిపెట్టారు. బయలుదేరే ముందు, “ఇదే కదండీ చెప్పమన్నారు?” అని నాకే తిరిగి అప్పగించడం మొదలుపెట్టారు. అది నేను నేర్పినది కాదు.

మరొక అభ్యాసం, తమ ఇంటికి దారి చెప్పడం. వినడానికి సులభంగా తోస్తుంది. రెండు నిమిషాలలో, మా ఊరు ఎన్నడూ చూడనివాడు బస్సు దిగి నడిచి రాగలిగేటట్లు చెప్పమంటే పదవ తరగతి పిల్లలు సైతం తడబడ్డారు. ‘మా మామయ్య వాళ్ళ ఇంటి ప్రక్కన’ అని మొదలుపెట్టినవారే ఎక్కువ. వినేవాడికి మామయ్య ఎవరో తెలియదన్న స్పృహ కలగడానికి కొన్ని వారాలు పట్టింది.

వినడం లేనిదే చెప్పడం లేదన్నది దీనితో పాటే పిల్లలకు తెలిసివచ్చింది. అశోకవనంలో సీతాదేవి హనుమంతునికి అప్పగించిన కబురును చూడండి. చిత్రకూటంలో కాకి బాధించిన వృత్తాంతం, మణిశిలతో రాముడు తిలకం దిద్దిన జ్ఞాపకం, తాను ఒక నెల మాత్రమే జీవించి ఉంటానన్న గడువు, చూడామణి. భార్యాభర్తలకు తప్ప ఇతరులకు తెలియని సంగతులవి. వాటిలో ఒక్కటి తారుమారైనా గుర్తుగా పనికిరాదు. హనుమ వాటిని రామునికి తప్పులేకుండా చేర్చాడు. సముద్రాన్ని రెండవసారి దాటినవాడు మోసుకొచ్చిన అసలు బరువు అదే. ఎదుటివాడు మాట్లాడుతూ ఉండగా తన జవాబును మనస్సులో తయారుచేసుకొనే విద్యార్థికి ఆ బరువు మోయడం సాధ్యం కాదు. (మన పెద్దలలోనూ ఈ అలవాటు తక్కువేమీ కాదు.)

ఏ భాషలో మాట్లాడాలి?

నేటి విద్యార్థిని అన్నిటికంటె ఎక్కువగా బాధిస్తున్న ప్రశ్న ఇది. ఇంట్లో తెలుగు, అదీ తమ ప్రాంతపు యాస. పుస్తకంలో ఇంగ్లీషు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో ఒకే పుస్తకంలో ఎదురెదురు పుటలలో రెండు భాషలూ అచ్చువేసి ఇచ్చిన పాఠ్యపుస్తకాలను మీరు చూసే ఉంటారు. పుస్తకంలో రెండు భాషలూ పక్కపక్కనే ఒద్దికగా ఉంటాయి, పిల్లవాడి నోటిలో మాత్రం ఒకదానినొకటి అడ్డుకొంటాయి. ఇంగ్లీషులో తప్పు వస్తుందేమోనని నోరు తెరవరు. తెలుగులో మాట్లాడితే చులకన అవుతామేమోనని అదీ మానేస్తారు.

శింశుపా వృక్షం మీద కూర్చున్న హనుమంతునికి సరిగ్గా ఇటువంటి ప్రశ్నే ఎదురైంది. క్రింద రాక్షస స్త్రీల నడుమ సీత. ఆమెను ఓదార్చకుండా తిరిగి వెళితే ఆమె ప్రాణాలు విడిచిపెడుతుంది. మాట్లాడాలి. కాని ఏ భాషలో? పండితుని వలె సంస్కృతం మాట్లాడితే, వచ్చినవాడు రావణుడే అనుకొని ఆమె భయపడుతుంది, కేక వేస్తుంది. రాక్షసులు మూగుతారు, యుద్ధం జరుగుతుంది, కార్యం చెడుతుంది. తాము పండితులమనుకొనే దూతలు కార్యాన్ని పాడుచేస్తారని కూడా ఆయన ఆలోచించాడు. చివరకు సామాన్య మానవులు మాట్లాడుకొనే భాషను ఎంచుకొన్నాడు. నేను ఫలానా అని మొదలుపెట్టకుండా, దశరథుడనే రాజు ఉండేవాడని మెల్లగా, ఆమెకు మాత్రం వినబడేటట్లు, ఆమె ఎరిగిన కథనే చెప్పసాగాడు.

వ్యాకరణం క్షుణ్ణంగా నేర్చినవాడే ఆ వ్యాకరణాన్ని ప్రక్కన పెట్టాడు. ఆ స్వేచ్ఛ రెండూ వచ్చినవాడికే ఉంటుంది. అందుచేత ఇంగ్లీషు నేర్వవద్దని నేను అనను, గట్టిగా నేర్వమంటాను. కళాశాలలో చేరే వేళ ఇంటర్వ్యూలో అది కావాలి. బ్యాంకులో నాయనమ్మకు వచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని చదివి, ఆమెకు ఆమె మాటలలో చెప్పడానికి తెలుగు కావాలి. ఈ రెండవ పని తేలిక అనుకొనేవారు ఒకసారి చేసి చూడాలి. బీమా కాగితంలోని ఒక్క పేరాను డెబ్బై ఏళ్ళ రైతుకు అర్థమయ్యేటట్లు చెప్పగలిగిన విద్యార్థికి ఆ పేరా నిజంగా అర్థమైనట్లు. ఇంటి యాసను చూసి సిగ్గుపడే పిల్లలతో నేను వాదించను. కొంతసేపు వాళ్ళ చేత వాళ్ళ అమ్మమ్మకు ఫోన్ చేయిస్తాను.

సీత కూడా వెంటనే నమ్మలేదు. హనుమ దగ్గరకు రాగానే, ఇతడు వేషం మార్చి వచ్చిన రావణుడే అని శంకించింది. రాముని రూపలక్షణాలు చెప్పమని ప్రశ్నించింది. ఆయన నొచ్చుకోలేదు, ప్రశ్నకు జవాబు చెప్పాడు. ఎవరైనా మన మాటను సందేహించగానే ముఖం ముడుచుకొనే పద్నాలుగేళ్ళ వయస్సుకు ఈ ఘట్టం ప్రత్యేకంగా చదివి వినిపింపదగినది.

ఇక గొంతు సంగతి. పాణినీయ శిక్షగా ప్రసిద్ధమైన గ్రంథంలో అధమ పాఠకులు ఆరుగురని చెప్పబడింది. రాగం తీసేవాడు, గబగబ చదివేవాడు, తల ఊపేవాడు, వ్రాతను చూసి మాత్రమే చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు పెగలనివాడు. ఏ ఉన్నత పాఠశాలలోనైనా ఒక గంటసేపు కూర్చుంటే ఈ ఆరుగురూ దర్శనమిస్తారు. అదే గ్రంథంలో ఒక చక్కని ఉపమానం ఉన్నది. ఆడపులి తన పిల్లలను కోరలతో పట్టి మోసుకొనిపోయేటప్పుడు, క్రింద పడతాయేమోనని ఒక భయం, కోర దిగుతుందేమోనని మరొక భయం. పడిపోనీయక, గాయపడనీయక ఎలా పట్టుకొంటుందో, అక్షరాలను అలా ఉచ్చరించాలట. తరగతిలో ఇది చెప్పిన రోజున పిల్లలు ‘శ, ష, స’లను ఎంత జాగ్రత్తగా పలికారో! మరునాటికి కొంత మరచిపోయారనుకోండి.

ఆరుగురిలో చివరివారిని గురించి ఒక మాట. గొంతు పెగలనివారు మా తరగతులలో ఎక్కువగా ఆడపిల్లలే. వారికి గొంతు లేక కాదు. నెమ్మదిగా మాట్లాడమని ఇంట్లో పదేళ్ళు చెప్పి, పదకొండవ ఏట గట్టిగా చదవమంటే రాదు. వారు చదివేటప్పుడు నేను తరగతి చివరి బల్ల వెనుకకు వెళ్ళి నిలబడేవాడిని. ‘గట్టిగా’ అని ఒక్కసారీ అనలేదు. నాకు వినబడాలన్న కోరికతో గొంతు దానంతట అదే దారి వెతుక్కొన్నది.

చెప్పవలసినది, కాపాడవలసినది

జాంబవంతుడు హనుమంతుని వివరాలు అడిగినప్పుడు మరొక మాట కూడా అన్నాడు. అక్కడికి వెళ్ళాక మనం రాముని వద్ద చెప్పవలసినది ఏది, చెప్పక కాపాడవలసినది ఏది, అదీ నిర్ణయించి చెప్పమన్నాడు. ఎంత వయస్సు, ఎంత అనుభవం ఉన్న మాట అది! మన పిల్లల చేతిలో ఇప్పుడు ఫోన్ ఉన్నది. స్నేహితుడు కన్నీళ్ళతో చెప్పుకొన్న సంగతి సాయంత్రానికి తరగతి వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. ఎవరో తెలియనివాడు ఫోన్ చేసి ఓటీపీ అడిగితే ఇంటి ఖాతా వివరాలతో సహా చెప్పేవారూ ఉన్నారు. ఇవి కాపాడవలసినవి.

కాని దాచకూడనివి కూడా ఉన్నాయి. వాటిని దాచడమే మంచి పిల్లల లక్షణమని మనం తెలిసో తెలియకో నేర్పుతున్నాము. పద్దెనిమిదేళ్ళు నిండకముందే తనకు పెళ్ళి నిశ్చయించారని ఒక బాలిక నాతో చెప్పడానికి మూడు రోజులు నా చుట్టూ తిరిగింది. మొదటి రోజు పెన్ను అడిగింది. రెండవ రోజు పాఠంలో సందేహమన్నది. మూడవ రోజు, అందరూ వెళ్ళిపోయాక, “సార్, నాకు వచ్చే నెల పెళ్ళి. నేను చదువుకోవాలి” అన్నది. రెండే వాక్యాలు. మొదటిది జరగబోయేది, రెండవది తనకు కావలసినది. అంతకంటె స్పష్టంగా ఏ న్యాయవాదీ చెప్పలేడు. పెద్దలతో మాట్లాడగలిగాము, ఆ పెళ్ళి ఆగింది. ఆ మూడు రోజులూ నేను ఆమె పెన్నునూ సందేహాన్నీ మాత్రమే విన్నానే అని ఇప్పటికీ నాకు బాధ. బాల్యవివాహం 2006 నాటి చట్టం ప్రకారం నిషిద్ధమనీ, ఆపదలో ఉన్న పిల్లలు 1098 నంబరుకు ఫోన్ చేయవచ్చుననీ ప్రతి విద్యార్థికి తెలిసి ఉండాలి. నంబరు తెలిస్తే చాలదు. ఫోన్ ఎత్తగానే పలుకవలసిన మొదటి రెండు వాక్యాలు కూడా తెలిసి ఉండాలి. పేరు, ఉన్న చోటు, జరుగుతున్నది. దీనిని కూడా మేము తరగతిలో అభ్యాసం చేయించాము.

నాయనమ్మ పడిపోయిన ఆ బాలుడు పదవ తరగతిలో వక్తృత్వ పోటీకి పేరు ఇవ్వలేదు. నేనూ బలవంతం చేయలేదు. ఆరవ తరగతి పిల్లల చేత ఇంటికి దారి చెప్పించే పని తానే అడిగి తీసుకొన్నాడు. ముందు మండలం, తరువాత ఊరు, ఆ తరువాత గుడో ట్యాంకో బడో ఒక గుర్తు. ఈ వరుస తప్పితే మళ్ళీ మొదటినుంచి చెప్పించేవాడు. వాడు అంత కఠినంగా ఎందుకున్నాడో ఆ పిల్లలకు తెలియదు.

ఈ పత్రిక చదువుతున్నవారిలో చాలామంది పిల్లలను వెంటబెట్టుకొని యాత్రలకు వెళుతూ ఉంటారు. ఎనిమిదో తొమ్మిదో తరగతి చదివే పిల్లలు మీ వెంట ఉంటే, విచారణ కేంద్రంలో దర్శనవేళలు అడగడం, గది కోసం ఆధార్ కార్డు చూపి వివరాలు చెప్పడం, అన్నప్రసాద వితరణ ఎక్కడో కనుక్కొని తాతగారికి దారి చెప్పడం, జనసమ్మర్దంలో తమ్ముడు కనబడకపోతే మైకు దగ్గరకు వెళ్ళి పేరు, చొక్కా రంగు, చివరిసారి చూసిన చోటు చెప్పడం, ఈ పనులు వాళ్ళకు అప్పగించండి. మొదటిసారి తడబడతారు, వెనుక నిలుచున్నవారు విసుక్కొంటారు. మధ్యలో అందుకొని మీరు మాట్లాడకండి. రెండడుగులు వెనుకకు వేసి నిలబడండి.